పుట్టించువాని ఋణము

గడచిన వర్షకాలమున మా తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు పాఠము ముగిసిన పిమ్మట మా బల్లయొద్దకు వచ్చి, తన తండ్రిగారి ఫోనులో చూచిన యొక దృశ్యమును గూర్చి చెప్పెను. అమెరికా దేశమున నొక గృహస్థుడు తన యింటి గదిలో పాములను జతగట్టించి, అవి పెట్టిన గ్రుడ్లను ఒక పెట్టెలో నుంచి, రెండు మాసములకు పిల్లలను పుట్టించెనట. వానిలో నొకటి తెలుపును పసుపును గలిసిన మేనితో, ఎఱ్ఱని కన్నులతో బయటికి వచ్చెనట. "మాష్టారూ, మన యింటిలో గూడ నిట్లు చేయవచ్చునా?" అని యా బాలుడు అడిగెను. చుట్టునున్న పిల్లలు నవ్విరి. మేము నవ్వలేదు.

"చేయవచ్చునా" యను మాటకు మన భాషలో రెండర్థములు గలవు. చేయుట సాధ్యమా యనుట యొకటి. చేయుట తగునా యనుట రెండవది. మొదటిదానికి శాస్త్రము ప్రత్యుత్తరము చెప్పును. రెండవదానికి ఎవరికి వారు తమ మనస్సాక్షి నడిగి చెప్పుకొనవలెను. పిల్లలు మొదటి ప్రశ్నకు జవాబు దొరకగానే రెండవదానికిని దొరికినట్లు తలంతురు. పెద్దలమైన మేమును పలుమారు అట్లే తలంచుచున్నాము. అందువలన నీ విషయమును మా పాఠశాల పత్రికలో కొంచెము విస్తరించి వ్రాయుట మంచిదని తోచినది.

ఆ బాలుడు చూచిన పాము బాల్ పైథాను. ఇది మన కొండచిలువకు జ్ఞాతి, విషము లేనిది. దీని స్వదేశము ఆఫ్రికా ఖండపు పశ్చిమ, మధ్య భాగములు. ఘానా, టోగో, బెనిన్ దేశములలో పొలములయందును గడ్డి బయళ్లయందును, ఎలుకల కలుగులలోను చెదపుట్టలలోను నివసించును. పెరిగిన పాము సాధారణముగా మూడు మొదలు ఐదడుగుల పొడవుండును. భయపడినప్పుడు కాటువేయుటకు మారుగా తలను నడుమ దాచుకొని బంతివలె చుట్టుకొనును. ఆంగ్లేయ నామము దానివలననే కలిగినది. బెనిన్ దేశమున విదా పట్టణములో నీ పాములకు నొక గుడి కలదు. అచ్చటివారు వీనిని చంపరు. పాము కనబడగానే కఱ్ఱ వెదకు మన పిల్లలు ఈ సంగతి తెలిసికొనవలెను.

ఈ పాము తల్లిగా నుండు తీరు మెచ్చదగినది. సాధారణముగా మూడు మొదలు పదునొకండు వఱకు గ్రుడ్లు పెట్టును. ఆరు తఱచైన లెక్క. పెట్టిన గ్రుడ్లను చుట్టలతో బిగియ చుట్టుకొని, ఇంచుమించు రెండు మాసములు ఆహారమును విడిచి కదలక కూర్చుండును. అంతకు ముందు గర్భముతో నున్న దినములలోను ఆకలి తక్కువే. కావున పొదుగుట ముగియునప్పటికి తల్లి మేను చాల చిక్కిపోవును. ఆ చుట్టల వలన గ్రుడ్లలోని తేమ ఆవిరియై పోకుండ నిలుచును. మన దేశపు కొండచిలువ తల్లి దీనిని మించినది. అది తన కండరములను మాటిమాటికి వణికించి, ఆ శ్రమవలన వేడి పుట్టించి గ్రుడ్లకు వెచ్చదన మిచ్చును. 1832లో లామార్ పికో అను ఫ్రెంచి యాత్రికుడు భారతదేశపు కొండచిలువను గూర్చి ఈ మాట పారిసు పండితులకు చెప్పగా వారు నమ్మలేదు. చల్లని రక్తముగల జంతువు వేడి పుట్టించుట యెట్లని వారి సందేహము. 1841లో వాలెన్సియెన్ అను శాస్త్రజ్ఞుడు పారిసు జంతుశాలలో, మన కొండచిలువకు మిక్కిలి దగ్గరి చుట్టమైన యొక పాము గ్రుడ్లను పొదుగుచుండగా ఉష్ణమాపకముతో కొలిచి, యాత్రికుడు చెప్పినది నిజమేయని కనుగొనెను.

ఇక నింటిలో పొదిగించు విధము చెప్పుదుము. పెంచువారు ఆడుపాముకు మూడేండ్లు నిండి, అది యొకటిన్నర కిలో బరువు తూగువఱకు జతగట్టింపరు. చల్లని మాసములలో మగపామును దానితో విడుతురు. గ్రుడ్లు పెట్టుటకు రమారమి నెలదినముల ముందు ఆడుపాము కుబుసము విడుచును; పెంచువాడు ఆ దినమును వ్రాసికొని యెదురుచూచును. పాముగ్రుడ్డు కోడిగ్రుడ్డువలె పెళుసు పెంకుగలది కాదు. తోలువంటి మెత్తని పొరగలది, మూడంగుళముల పొడవుగలది. గ్రుడ్లు ఒకదాని నొకటి అంటుకొని ముద్దగా నుండును. వానిని బలవంతముగా విడదీయరాదు. చీకటిలో దీపము నానించి చూచినచో ప్రాణమున్న గ్రుడ్డులో ఎఱ్ఱని నరములు సాలెగూడువలె కనబడును. ప్రాణము లేనిది పసుపుగా నుండి నరములు లేక యుండును.

గ్రుడ్లను మూతగల డబ్బాలో, వెర్మిక్యులైటు అను తేలికైన ఖనిజపు పొడిని తడిపి దానిపై నుంతురు. తడి యెక్కువైన బూజు పట్టును. తక్కువైన గ్రుడ్డు సొట్టలు పడును. డబ్బాను 31 లేక 32 సెంటిగ్రేడు డిగ్రీల వెచ్చదనముగల పెట్టెలో నుంచి, ఆ వెచ్చదనము తప్పకుండ థర్మోస్టాటు అను సాధనమును అమర్తురు. ఇట్లు 55 మొదలు 60 దినములు గడువవలెను. పిల్ల తన మూతికొననున్న చిన్న పన్నుతో పొరను చీల్చి తల మాత్రము బయటపెట్టి, ఒక్కొక్కప్పుడు రెండు దినములవఱకు అట్లే యుండి, లోపల మిగిలిన సొన నంతయు తనలోనికి తీసికొని, ఆ పిమ్మట మెల్లగా బయటికి వచ్చును. వారము పదిదినములకు మొదటి కుబుసము విడిచి, ఆ తరువాతనే మొదటి ఆహారము కోరును.

ఈ పనిలో నొక నియమము మాకు మిక్కిలి నచ్చినది. గ్రుడ్డును డబ్బాలో నుంచునప్పుడు దాని పైభాగమున పెన్సిలుతో నొక గుఱుతు పెట్టుదురు. ఆ గుఱుతు కడవఱకు పైననే యుండవలెను. కోడిగ్రుడ్డు నైతే 37 డిగ్రీలకు మించిన వేడిలో నుంచి, దినమునకు పలుమారు త్రిప్పవలెను. త్రిప్పనిచో పిల్ల పొరకు అతుకుకొని చెడును. పాముగ్రుడ్డులో పిండము మొదటి దినములలోనే పైపొరకు అంటుకొని పెరుగును. త్రిప్పినచో సొన మీదపడి పిండము చచ్చు ప్రమాదము కలదు. ఒక ప్రాణికి ప్రాణము పోయు పనియే మఱియొక ప్రాణికి ప్రాణము తీయును. కోడిపెట్ట నెఱిగితిమని పాము నెఱిగితిమనుకొనువాడు రెండు మాసములు కష్టపడి తుదకు చచ్చిన గ్రుడ్లను పారవేయును.

మా తప్పొకటి యిచ్చట చెప్పుకొందుము. ఉపాధ్యాయ శిక్షణ కళాశాల విడిచి క్రొత్తగా పనిలో చేరిన దినములలో, మేము తరగతి పిల్లలకొఱకు ఒక పొదుగుడు కోడిక్రింద గ్రుడ్లుంచితిమి. ఇరువదియొకటవ దినమున నొక గ్రుడ్డుకు చిన్న రంధ్రము పడి, లోపలి పిల్ల కూత వినవచ్చెను. ఉదయము పోయి మధ్యాహ్నమైనను పిల్ల బయటికి రాలేదు. పిల్లలందఱు మా ముఖము చూచుచుండిరి. మేము జాలిచేతనో, తెలివి చూపవలెనను కోరికచేతనో, గోటితో పెంకు ఒలిచితిమి. పొరలో నింకను రక్తముండెను. సాయంకాలమునకు ఆ పిల్ల చనిపోయెను. ఎవ్వరు నేమియు అనలేదు. ఒక చిన్న బాలిక మాత్రము, "దానికింకను వేళ కాలేదు గదా మాష్టారూ" అనెను. శిక్షణ కళాశాలలో మాకెవ్వరును నేర్పని పాఠమది. పాములు పెంచువారిలో గొందఱు 55 దినములు కాగానే కత్తెరతో గ్రుడ్లు కోసి చూతురని తెలిసినప్పుడు ఆ దినము మాకు జ్ఞాపకము వచ్చినది. బలహీనమైన పిల్లకు సాయము చేయుటకని కొందఱు చెప్పుదురు, నిజమే కావచ్చును. కాని పలువురి తొందర పిల్ల ప్రాణమునకై కాదు. దాని రంగు చూచుటకై.

అసలు చిక్కు ఈ రంగుననే కలదు. 1992లో అమెరికాలో బాబ్ క్లార్కు అను నతడు తెలుపు పసుపు మేనుగల బాల్ పైథానులను మొట్టమొదట తన యింట పుట్టించెను. అప్పటినుండి వేఱువేఱు రంగులను చారలను గలుపుట యొక పెద్ద వ్యాపార మాయెను. ఈ పత్రికను చదువు పెద్ద తరగతుల పిల్లలు గ్రెగర్ మెండెలు పేరు విన్నవారే. ఆ సన్యాసి బఠాణీ మొక్కలతో కనిపెట్టి 1866లో ప్రకటించిన లెక్క పాములయందును తప్పదు. చూపునకు మామూలుగా నుండి, లోపల తెలుపు గుణమును దాచుకొన్న రెండు పాములను జతగట్టించినచో, సగటున నాలుగు పిల్లలలో నొక్కటి తెల్లనిది. ఆరు గ్రుడ్లు పెట్టినప్పుడు ఒక్కటియు తెల్లనిది కాకపోవుట యెన్ని మారులు జరుగునో మా తరగతి పిల్లలు లెక్కవేసిరి: నాలుగింట మూడు భాగములను ఆరుమారులు గుణింపగా, నూటికి సుమారు 18 మారులని తేలినది. రెండు తల్లులు పండ్రెండు గ్రుడ్లు పెట్టినచో మూడు తెల్లనివి, తొమ్మిది కావు.

ఆ తొమ్మిదింటి మాట యేమి? ఒక్కొక్క పిల్లకు ఇంచుమించు వారమున కొక చిట్టెలుక కావలెను. తొమ్మిది పిల్లలకు సంవత్సరమునకు 468 చిట్టెలుకలు. మంచి పోషణ గల బాల్ పైథాను ఇరువది మొదలు ముప్పది యేండ్లు బ్రదుకును. అమెరికాలోని సెయింట్ లూయిస్ జంతుశాలయందు 1961 నుండి యున్న బాల్ పైథాను 2020లో, రమారమి 62 యేండ్ల వయస్సున, పదునైదేండ్లుగా మగపాము పొత్తు లేకయే, ఏడు గ్రుడ్లు పెట్టి శాస్త్రజ్ఞుల నాశ్చర్యపఱచినది. పదునాలుగేండ్ల బాలుడు నేడు సరదాకు పుట్టించిన పాము, అతడు చదువు ముగించి, ఉద్యోగము చేసి, తన బిడ్డలను బడికి పంపునాటికిని, ఆహారముకొఱకును వెచ్చదనముకొఱకును అతనివైపే చూచుచుండును. చందమామవంటి యొక్క పిల్లకొఱకు పుట్టించిన తక్కిన వానిని కొనువారు దొరకనిచో, వానిని బరువని తలంచు కాలము త్వరలోనే వచ్చును.

ఇంతకంటె విచారకరమైన దొకటి కలదు. స్పైడరు అని పేరుపెట్టిన బాల్ పైథాను రకము కలదు. దాని మేనిమీది గీతలు సాలెగూటివలె సన్నగా నుండి చూచువారికి ముచ్చట గొలుపును. కాని యా పాములకు తల వణకు జబ్బు కలదు. కొన్నింటికి స్వల్పము, కొన్నింటికి తీవ్రము. తీవ్రమైనప్పుడు తల మెలితిరుగును. ఎలుకమీదికి దుమికినచో గుఱి తప్పును. వెల్లకిలబడి ఏది నేలయో ఏది నింగియో యెఱుగక తడుముకొనును. 2022లో జర్మనీ శాస్త్రజ్ఞులు ఎక్సురే చిత్రములతో వాని లోపలిచెవిని పరీక్షించి, ఒడలి తూకమును నిలుపు అర్ధవృత్తాకారపు నాళములును, వాని చేరువనుండు సంచియు వికారముగా ఏర్పడి యుండుటను ప్రకటించిరి. మన చెవిలోను అట్టి నాళములు గలవు. పిల్లలు గిరగిర తిరిగి నిలిచినప్పుడు భూమి తిరుగునట్లుండును గదా. ఆటలో నది క్షణకాలపు వింత. ఆ పాముకు ఆట ముగియుట లేదు. గీతల యందము వచ్చిన దారినే ఈ రోగమును వచ్చుచున్నది. ఒకటి విడిచి మఱియొకటి తీయుటకు ఇంతవఱకు ఎవ్వరికిని సాధ్యము కాలేదు. పెంచువారు ఈ వణకును శాస్త్రజ్ఞులకంటె ఎంతో ముందుగానే కన్నులార చూచిరి. చూచియు జతగట్టించిరి, కొనువారుండిరి గనుక అమ్మిరి.

"అది తినుచున్నది, గ్రుడ్లు పెట్టుచున్నది, ఏడ్చుట లేదు, దానికి బాధయని మీరెట్లు చెప్పుదురు?" అని యడుగువారు గలరు. పాము ఏడ్వదు, అరవదు. నోరులేని ప్రాణి మౌనమును సమ్మతిగా లెక్కించుట న్యాయము కాదు. బాధ యున్నదో లేదో రూఢిగా తెలియనప్పుడు, ఆ సందేహపు లాభమును దుర్బలునకిచ్చుట ధర్మము. మఱికొందఱు, "ఇంట పుట్టించినందున అడవిలో పట్టుట తగ్గును గదా" అందురు. ఇందు కొంత సత్యము కలదని మేమంగీకరించుచున్నాము. ఇంట పుట్టిన పిల్ల ఆరోగ్యముగా నుండి త్వరగా మచ్చికయగును. అడవినుండి తెచ్చినది పురుగులతో బాధపడి పలుమారు తిండి ముట్టదు. అయినను 1975 తరువాత పశ్చిమాఫ్రికా దేశములనుండి ఎగుమతియైన బాల్ పైథానులు 30 లక్షలకు మించినవి. అచ్చటివారు గర్భముతోనున్న తల్లులను కలుగులనుండి త్రవ్వితీసి, గ్రుడ్లు పొదిగించి, పిల్లల నమ్ముట జీవనోపాధిగా జేసికొనిరి. ఆ బీదవారిని నిందించుట మా యుద్దేశము గాదు. అడుగువాడు దూరమున నున్నాడు. ఒకప్పుడు కొదువలేని ఈ పామును 2021లో ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంఘము ముప్పునకు చేరువైన జాతుల వరుసలో చేర్చినది. ఇంటి పెంపకము కోరికను తీర్చుటయే గాక పెంచుటయు గలదని దీనివలన తెలియుచున్నది.

ఈ కోరిక మన దేశమునకును వచ్చినది. 2023 జూలైలో తిరుచిరాపల్లి విమానాశ్రయమున, కౌలాలంపూరు నుండి వచ్చిన యొక ప్రయాణికుని పెట్టెలో 47 కొండచిలువలు చిల్లుల డబ్బాలలో దొరికినవి. తల్లిదండ్రులు ఈ విషయమున చట్టమును తెలిసియుండుట యవసరము. మన కొండచిలువను పట్టుటగాని, ఇంట నుంచుకొనుటగాని, దాని గ్రుడ్లు తీయుటగాని 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. బాల్ పైథాను వంటి పరదేశపు జంతువులను గూర్చి ఆ చట్టమును 2022లో సవరించి, 2024లో నియమములు చేసిరి. వానిని కలిగియున్నవారు ప్రభుత్వమువారికి తెలిపి నమోదు చేయింపవలెను. అంగడివాడు చెవిలో చెప్పు మాటను నమ్మి బిడ్డ పుట్టినదినపు కానుకగా పాముపిల్లను కొనిపెట్టుట ముద్దు కాదు, ముప్పు.

ఇంతయు వ్రాసితిమని, పాముల చదువే వలదని మా మాటగా నెవ్వరును తీసికొనరాదు. గ్రుడ్డును వెలుగున కెత్తి ఎఱ్ఱని నరములను చూచిన బాలుడు, మఱునాడు పాము తలను కఱ్ఱతో చితుకగొట్టుటకు ఒకసారి వెనుదీయును. అది గొప్ప లాభము. పొదిగించు విద్యలోని ఓర్పు, లెక్క, శుభ్రత, దినచర్య వ్రాసికొనుట మా పిల్లలందఱకు రావలెనని మా కోరిక. కాని దానికి పరదేశపు పాము అవసరము లేదు. నాటుకోడి గ్రుడ్లు చాలును. పుట్టిన పిల్లలకు పెరడు సిద్ధముగా నున్నది, పెంచువారు ఊరినిండ గలరు. కొండచిలువను చూడవలెనన్న హైదరాబాదు, విశాఖపట్టణము, తిరుపతి జంతుశాలలకు పోవచ్చును. పొలమున కొండచిలువ కనబడినచో గుంపుగూడి రాళ్లు రువ్వక, దూరముగా నిలిచి అటవీశాఖవారికి వర్తమానము పంపుడు. పుట్టలో పాలుపోసి దండముపెట్టి, ఆ మఱునాడే పామును చంపువారును, ఏదెను తోట కథ విని పామనిన పాపమేయని తలంచువారును, ఇద్దఱును ఆ ప్రాణిని ఉన్నది ఉన్నట్లు చూడనివారే.

మా యభిప్రాయము ఇంతే: ఒక ప్రాణిని పుట్టించువాడు అది చచ్చువఱకు దానికి ఋణస్థుడు. గ్రుడ్లు పొదిగించుటకు రెండు మాసములు చాలును. ఆ ఋణము తీర్చుటకు ముప్పది యేండ్లు కావలెను. తీర్చు దారి ముందుగా కనబడనిచో జతగట్టించుటయే తగదు. కేవలము మన కన్నుల పండువుకై, తల నిలుపుకొనలేని ప్రాణిని తెలిసి తెలిసి పుట్టించుట యెన్నడును తగదు.

తరగతిలో మేమా లెక్క వేయించిన దినమున, మొట్టమొదట ప్రశ్నించిన బాలుడు పలకమీది అంకెలను చాలసేపు చూచి, "మాష్టారూ, తెల్లగా పుట్టని పిల్లలను ఆ అమెరికావాడు ఏమి చేసెనో ఫోనులో చూపలేదు" అనెను. మేము వ్రాసిన యీ రెండు మూడు పుటలకంటె ఆ మాట మేలైనది. చదువు రానివాడు చూపినదానిని చూచును; చదువుకొన్నవాడు చూపనిదానిని అడుగును. మా బాలబాలికలందఱును అట్లడుగువారు కావలెనని కోరుచు విరమించుచున్నాము.